మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్

వాద్యం లేని ఊరు మన దేశంలో లేదు. ధర్మపురి జిల్లాలోని హరూర్ ప్రాంతపు పిల్లలకు తప్పెట, పంబ, ఉరుమి, తవిలు కొత్తవి కావు. తీర్థమలై గుడి ఉత్సవమైనా, ఊరి జాతరైనా, పెండ్లి ఊరేగింపైనా మేళం మోగనిదే మొదలు కాదు. మేళం మోగగానే పిల్లల కాళ్ళు తమంత తామే కదులుతాయి. బడి వదలిన తరువాత బల్ల మీదనో, పలక మీదనో, పుస్తకాల పెట్టె మీదనో దరువు వేయని పిల్లవాడు ఉండడు. లయ మనిషికి పుట్టుకతోనే అబ్బుతుంది. గుండె కొట్టుకోవడంలో లయ ఉంది. నడకలో లయ ఉంది. ఆ సహజమైన లయను శాస్త్రంగా, కళగా తీర్చిదిద్దిన వాద్యాలలో మృదంగం ముఖ్యమైనది. ఆ మృదంగానికి ఇరవయ్యవ శతాబ్దంలో గొప్ప గౌరవం తెచ్చిపెట్టిన మహావిద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్. దేశవిదేశాలలో కీర్తి గడించిన ఆయన, జీవితపు చివరి దశలో మదనపల్లె దగ్గరి ఒక బడిలో పిల్లలకు మృదంగం నేర్పిన గురువు కూడా.

బాల్యం

మణి అయ్యర్ 1912వ సంవత్సరం జూన్ 12వ తేదీన కేరళలోని పళయన్నూరులో జన్మించారు. ఈ ఊరు నేటి త్రిశ్శూరు జిల్లాలో ఉంది. తండ్రి శేషం భాగవతార్, తల్లి ఆనందాంబాళ్. ఆయనకు పెట్టిన పేరు రామస్వామి. ముద్దుపేరైన మణి అనేదే లోకంలో నిలిచిపోయింది. తండ్రి గాయకుడు. తాతగారికి కూడా సంగీతంలో ప్రవేశం ఉండేది. అందువలన మణికి ఊహ తెలిసే నాటికే ఇంట్లో పాట వినిపిస్తూ ఉండేది.

కేరళ వాద్యాలకు పెట్టింది పేరు. అక్కడి దేవాలయాలలో ఉత్సవాల సమయంలో చెండ వాద్యకారులు గంటల తరబడి వాయిస్తారు. ఒక్క చెండ మీద మెల్లగా మొదలై, క్రమంగా వేగం పెంచుకుంటూ పోయే తాయంబకను వినడానికి జనం రాత్రంతా మేలుకొని ఉంటారు. ఆ చెండల మోత మధ్య పెరిగిన బాలుడు మణి. పెద్దవాడైన తరువాత ఆయన మృదంగం మీద చూపిన వైవిధ్యంలో ఆ చెండ వాద్యపు ఛాయలు ఉన్నాయని సంగీతజ్ఞులు గుర్తించారు. ఊరి గుడి ముందు విన్న వాద్యం కూడా పిల్లలకు పాఠమే అనడానికి ఆయన బాల్యం ఒక నిదర్శనం.

మణి పసితనంలోనే చాత్తపురం సుబ్బ అయ్యర్ అనే విద్వాంసుని దగ్గర మృదంగం నేర్చుకోవడం ప్రారంభించారు. చాత్తపురం పాలక్కాడు పట్టణంలోని కల్పాత్తి ప్రాంతానికి చెందినది. పాలక్కాడునే ఆంగ్లేయుల కాలంలో పాల్ఘాట్ అని పిలిచేవారు. మణి పేరుకు ముందు ఆ ఊరి పేరు ఆ విధంగా చేరింది.

మృదంగ విద్య తొలి మెట్టు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. త, ది, తొం, నం అనే నాలుగు జతులతో పాఠం మొదలవుతుంది. జతిని ముందు నోటితో పలకాలి. చేతితో తాళం వేయాలి. ఆ తరువాతనే వాద్యం మీద వ్రేళ్ళు పెట్టాలి. నోటికి రానిది చేతికి రాదు. ఆ నాలుగు జతులనే మొదట నెమ్మదిగా, తరువాత రెట్టింపు వేగంతో, ఆ పైన నాలుగింతల వేగంతో వాయించాలి. వేగం పెరిగినా నాదం చెదరకూడదు. మొదటి కొన్ని నెలలు వ్రేళ్ళు నొప్పి పెడతాయి. చర్మం కందిపోతుంది. చాలామంది పిల్లలు ఈ దశలోనే విసిగి మానుకుంటారు. మణి మానలేదు.

తొలి అవకాశాలు

ఒకసారి శివరామకృష్ణ భాగవతార్ అనే విద్వాంసుని హరికథకు మృదంగం వాయించవలసిన వాద్యకారుడు సమయానికి రాలేదు. ఆ స్థానంలో బాలుడైన మణిని కూర్చోబెట్టారు. హరికథకు వాయించడం సులభం కాదు. కథకుడు ఒక క్షణం పద్యం చదువుతాడు, మరుక్షణం కీర్తన అందుకుంటాడు, వెంటనే వచనంలోకి దిగుతాడు. ఎప్పుడు వాయించాలో, ఎప్పుడు ఆగాలో కనిపెట్టుకొని ఉండాలి. ఆ పరీక్షలో బాలుడు నెగ్గాడు. ఎదురుచూడని అవకాశం వచ్చినప్పుడు దానికి తగిన సాధన చేతిలో సిద్ధంగా ఉండటమే అతనికి తోడ్పడింది.

పాలక్కాడు ప్రాంతానికే చెందిన చెంబై వైద్యనాథ భాగవతార్ ఆనాటి గొప్ప గాయకులలో ఒకరు. ఆయన మణిలోని ప్రతిభను గుర్తించి, తన కచేరీలలో వాయించే అవకాశం కల్పించారు. 1920ల మధ్యలో మద్రాసు ఎగ్మూరులోని జగన్నాథ భక్త సభలో చెంబైవారి కచేరీకి మణి మృదంగం వాయించారు. అప్పటికి ఆయన ఇంకా బాలుడే. సంగీత రసికులకు పుట్టినిల్లయిన మద్రాసు నగరం ఆ బాలుని వ్రేళ్ళలోని నేర్పును చూసి ఆశ్చర్యపోయింది. ఆ కచేరీతో మణి పేరు దక్షిణదేశమంతటా వ్యాపించసాగింది.

తంజావూరు గురుకులం

పేరు వచ్చిన తరువాత చాలామంది నేర్చుకోవడం ఆపివేస్తారు. మణి మాత్రం అప్పుడే అసలైన చదువు మొదలుపెట్టారు. తంజావూరు వైద్యనాథ అయ్యర్ అనే గొప్ప మృదంగ విద్వాంసుని వద్ద శిష్యుడుగా చేరారు. మరాఠా రాజుల కాలం నుండి తంజావూరు సంగీతానికి నిలయం. త్యాగరాజస్వామి నివసించిన తిరువయ్యారు దానికి ఎంతో దూరంలో లేదు.

ఆనాటి గురుకులంలో గంట కొడితే మొదలై, గంట కొడితే ముగిసే తరగతులు ఉండవు. శిష్యుడు గురువుగారి ఇంట్లోనే ఉంటాడు. తెల్లవారుజామున లేచి సాధన చేస్తాడు. గురువుగారి వెంట కచేరీలకు వెళ్ళి వింటాడు. తిరిగి వచ్చిన తరువాత విన్నది మననం చేసుకుంటాడు. వినడమే సగం చదువు. వైద్యనాథ అయ్యర్ శిష్యులలో తరువాతి కాలంలో ప్రసిద్ధులైన టి.కె. మూర్తి కూడా ఒకరు.

లయశాస్త్రం గణితానికి దగ్గరి చుట్టం. ఆది తాళానికి 8 లెక్కలు. ఒక్కొక్క లెక్కలో 4 మాత్రలు ఉంటే, ఒక ఆవర్తనానికి మొత్తం 32 మాత్రలు. త, ధి, గి, ణ, తోం అనే జతిలో 5 అక్షరాలు ఉన్నాయి. ఈ జతిని మూడుసార్లు వాయించి, సరిగ్గా తరువాతి ఆవర్తనపు మొదటి దెబ్బకు చేరుకోవాలని అనుకుందాం. మూడు అయిదులు 15. 32లో 15 తీసివేస్తే 17. కాబట్టి 17 మాత్రలు గడిచిన తరువాత 18వ మాత్రపై ఆ జతి ఎత్తుకోవాలి. ఒక్క మాత్ర అటూ ఇటూ అయితే లెక్క తప్పుతుంది. ఈ లెక్కలను కాగితం మీద వేయడం తేలిక. వందలమంది ముందు కూర్చొని, గాయకుని పాట వింటూ, కనురెప్పపాటులో మనసులో వేసి, వ్రేళ్ళతో పలికించడం కష్టం. మణి అయ్యర్‌కు ఈ లెక్కలు మాటలాడినంత సహజంగా వచ్చేవి. అయినా ఆయన వాయిస్తుంటే వినేవారికి లెక్క కనిపించేది కాదు, నాదమే వినిపించేది. ఆయన గొప్పతనం అందులో ఉంది.

మృదంగం ఎలా తయారవుతుంది?

మృత్ అనగా మన్ను. మట్టితో చేసిన శరీరం కలది కనుక మృదంగం అనే పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పటి మృదంగాన్ని పనస కొయ్యతో చేస్తారు. లోపల తొలిచిన కొయ్యకు రెండు ప్రక్కల చర్మపు మూతలు బిగిస్తారు. కుడి మూత చిన్నది, ఎడమ మూత పెద్దది. కుడి మూత మధ్యలో నల్లని గుండ్రని మచ్చ కనిపిస్తుంది. ఒక రకమైన నల్లరాతి పొడిని అన్నంతో కలిపి మెత్తగా నూరి, పొరలు పొరలుగా రుద్ది ఆ మచ్చను పెడతారు. మృదంగానికి శ్రుతి పలికే గుణం దాని వల్లనే వస్తుంది. ఎడమ మూతకు కచేరీ ముందు గోధుమరవ్వ ముద్దను అంటిస్తారు. అప్పుడే గంభీరమైన నాదం వస్తుంది. రెండు మూతలను కలుపుతూ తోలు వారు బిగిస్తారు. శ్రుతి హెచ్చించాలన్నా, తగ్గించాలన్నా మూత అంచు మీద రాతితో, కొయ్యముక్కతో జాగ్రత్తగా కొడతారు.

ఈ పనికి ఆవు, మేక, గేదె చర్మాలు కావాలి. చర్మాన్ని ఎంచడం, శుభ్రం చేయడం, ఆరవేయడం, తగిన మందంలో కోయడం, బిగించడం ఎంతో నేర్పుతో కూడిన పనులు. చర్మం ఏ మాత్రం మందంగా ఉన్నా నాదం మొద్దుబారుతుంది. పలుచనైతే చిరిగిపోతుంది. చేతితో తాకి, చెవితో విని తేల్చుకోవలసిన విషయమిది.

తంజావూరులో సెబాస్టియన్ అనే పనివాని కుటుంబం తరతరాలుగా మృదంగాలు చేసింది. ఆ కుటుంబానికి చెందిన పర్లాందు చాలా సంవత్సరాలు మణి అయ్యర్‌కు మృదంగాలు చేసి ఇచ్చారు. మణి అయ్యర్ చెవికి ఒక నాదం వినిపించేది. అది వాద్యంలో పలికేవరకు ఆయనకు తృప్తి ఉండేది కాదు. ఆ నాదం కోసం పర్లాందు చర్మాలు మార్చి, పొరలు మార్చి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేవారు. కచేరీలో చప్పట్లు విద్వాంసునికి దక్కాయి. ఆ నాదాన్ని సాధ్యం చేసిన చేతులు మాత్రం వేదిక మీద కనిపించలేదు. చర్మంతో పనిచేసే కుటుంబాలవారిని ఆనాటి సమాజం దూరంగా ఉంచింది. వారు చేసిన వాద్యానికి పూజ చేసినవారు, ఆ చేసినవారికి తగిన గౌరవం ఇవ్వలేకపోయారు. ఈ పనివారల చరిత్రను సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ 2020లో ఒక ఆంగ్ల గ్రంథంగా ప్రచురించిన తరువాత చాలామంది దృష్టి ఈ విషయంపై పడింది. మణి అయ్యర్ జీవితం చదివేటప్పుడు పర్లాందు పేరును కూడా తలచుకోవడం న్యాయం.

ప్రక్కవాద్యపు ధర్మం

కర్ణాటక సంగీత కచేరీలో మృదంగం ప్రక్కవాద్యం. పాటకు అండగా ఉండటం దాని పని. తన నేర్పు చూపించుకోవాలనే తొందరలో పాటను కప్పివేసే వాద్యకారులు ఎప్పుడూ ఉంటారు. మణి అయ్యర్ మార్గం వేరు. ఆయన కీర్తన సాహిత్యాన్ని శ్రద్ధగా తెలుసుకొనేవారు. పాటలో మాట ఎక్కడ విరుగుతుందో, స్వరం ఎక్కడ నిలుస్తుందో గమనించి, ఆ నడకనే మృదంగం మీద పలికించేవారు. గాయకుడు మెత్తగా పాడేచోట వ్రేళ్ళు మెత్తబడేవి. అవసరమైన చోట వాయించడం ఆపి మౌనంగా ఉండేవారు. ఆ మౌనం కూడా సంగీతంలో భాగమే అయ్యేది. కర్ణాటక సంగీతంలో త్యాగరాజు, శ్యామశాస్త్రి మొదలైనవారి కీర్తనలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. మలయాళ దేశంలో పుట్టి, తమిళదేశంలో విద్య నేర్చిన మణి అయ్యర్ జీవితమంతా తెలుగు పాటకు తాళం వేశారన్నమాట.

అరియకుడి రామానుజ అయ్యంగార్, శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం, ఆలత్తూరు సోదరులు మొదలైన మేటి గాయకులకు ఆయన వాయించారు. తని ఆవర్తనం వచ్చినప్పుడు సభ అంతా నిశ్శబ్దమయ్యేది. మణి అయ్యర్ వాయిస్తున్నారని తెలిసి కచేరీకి వచ్చే శ్రోతలు ఉండేవారు. పాడేవారి పేరు చూసి టిక్కెట్టు కొనే అలవాటున్న కాలంలో ఇది కొత్త విషయం. వయస్సులో పెద్దవారైన పుదుక్కోట్టై దక్షిణామూర్తి పిళ్ళై వంటి లయవిద్వాంసులతో కలిసి ఆయన వాయించారు. సమకాలికుడైన పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో ఆయన పేరును జతచేసి ఈనాటికీ రసికులు చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో పేరున్న మృదంగ విద్వాంసులు చాలామంది స్త్రీల కచేరీలకు వాయించేవారు కాదు. మణి అయ్యర్ కూడా చాలాకాలం ఆ ఆచారాన్నే పాటించారు. తరువాత డి.కె. పట్టమ్మాళ్ గానానికి వాయించి ఆ కట్టుబాటును తామే దాటారు. ఆయన వాయించిన తొలి గాయని ఆమెయే. అటుతరువాత ఆయన కుమార్తె లలిత పట్టమ్మాళ్ ఇంటి కోడలయ్యారు. ఒక పెద్ద విద్వాంసుడు తన అలవాటును మార్చుకొంటే తరువాతివారికి దారి ఏర్పడుతుంది. ఈనాడు బాలికలు పాడటమే కాదు, మృదంగం కూడా నేర్చుకొంటున్నారు. దక్షిణామూర్తి పిళ్ళై శిష్యురాలైన తిరుగోకర్ణం రంగనాయకి అమ్మాళ్ చాలా ముందుగానే మృదంగం చేపట్టి, ఆ పని స్త్రీలకు సాధ్యమేనని నిరూపించారు.

మైకు వద్దన్న విద్వాంసుడు

మైకులు వచ్చిన తరువాత కచేరీల తీరు మారింది. సభలు పెద్దవయ్యాయి. వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా వినిపించడానికి శబ్దాన్ని హెచ్చించసాగారు. మృదంగంలో గట్టి దెబ్బలు మాత్రమే కాదు, చెవి పెట్టి వింటేగాని తెలియని మెత్తని పలుకులు కూడా ఉన్నాయి. ఎడమ అరచేతి కదలికతో వచ్చే గుంకారం అటువంటిది. మైకు ఆ భేదాలను చెరిపివేస్తుందని మణి అయ్యర్ భావించారు. మైకు పెట్టే కచేరీలలో వాయించకూడదని ఒక దశలో నిర్ణయించుకున్నారు. దాని వలన ఆయనకు కచేరీలు తగ్గాయి, రాబడి తగ్గింది. అయినా వెనుదీయలేదు. ఆయన నిర్ణయం సరియైనదా, కాదా అనే విషయంలో భేదాభిప్రాయాలు ఉండవచ్చు. వేలమందికి సంగీతం అందించడానికి మైకు ఉపయోగపడిందనడంలో సందేహం లేదు. కాని తాను నమ్మిన దానికోసం నష్టాన్ని భరించిన ఆయన నిబ్బరాన్ని అందరూ గౌరవించారు.

గౌరవాలు

1956లో కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారం మణి అయ్యర్‌ను వరించింది. 1965లో స్కాట్లండు దేశంలోని ఎడింబరో నగరంలో జరిగిన కళోత్సవానికి గాయకుడు కె.వి. నారాయణస్వామి, వయొలిన్ విద్వాంసుడు లాల్గుడి జయరామన్‌లతో కలిసి వెళ్ళి వాయించారు. కర్ణాటక సంగీతం ఎన్నడూ వినని శ్రోతలు సైతం ఆ లయకు ముగ్ధులయ్యారు. 1966లో మద్రాసు సంగీత అకాడమి ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఒక మృదంగ విద్వాంసునికి ఆ బిరుదు దక్కడం అదే మొదటిసారి. గాయకుని ప్రక్కన కూర్చొనే వాద్యకారుడు కూడా సంగీత సభకు అధ్యక్షత వహించగలడని ఆ గౌరవం చాటింది. అది ఒక్క వ్యక్తికి జరిగిన సన్మానం కాదు, మృదంగం పట్టిన ప్రతి చేతికీ జరిగిన సన్మానం. 1971లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో ఆయనను సత్కరించింది.

ఋషివ్యాలీలో గురువు

హరూర్ నుండి ఉత్తరంగా కృష్ణగిరి మీదుగా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటి వెళితే మదనపల్లె వస్తుంది. ప్రసిద్ధ తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించిన ఊరు అది. ఆయన ఆలోచనల ప్రకారం ఏర్పడిన ఋషివ్యాలీ పాఠశాల మదనపల్లె సమీపంలో ఒక లోయలో ఉంది. చుట్టూ రాతి కొండలు. వానలు తక్కువ. అటువంటి మెట్ట నేలలో చెట్లు నాటి, పెంచి, ఆ లోయను పచ్చగా చేశారు. పిల్లలు అక్కడే ఉండి చదువుకొంటారు. లెక్కలు, సైన్సు, భాషలతో పాటు సంగీతం, నృత్యం, చిత్రలేఖనం కూడా వారి చదువులో భాగం. సాయంకాలం పిల్లలు ఎత్తైన చోట కూర్చొని, మాటలాడకుండా సూర్యాస్తమయాన్ని చూసే ఆచారం ఆ బడిలో ఉంది.

జీవితపు చివరి దశలో, 1970లలో, మణి అయ్యర్ ఈ బడికి వచ్చి పిల్లలకు మృదంగం నేర్పారు. సంగీత సభలు చేతులు చాచి పిలిచే విద్వాంసుడు ఒక లోయలోని బడిలో చాప పరచుకొని, చిన్నపిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆయన ఎదుట ఉన్న పిల్లలలో ఎక్కువమంది మృదంగ విద్వాంసులు కాబోయేవారు కారు. వారిలో కొందరు వైద్యులవుతారు, కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు వ్యాపారాలు చేసుకుంటారు. అటువంటివారికి ఇంత గొప్ప విద్వాంసుడు త, ది, తొం, నం నేర్పడం వలన ప్రయోజనం ఏమిటి అని ఎవరికైనా సందేహం కలుగుతుంది.

ఆ సందేహానికి సమాధానం మృదంగంలోనే ఉంది. మృదంగం నేర్చుకొనే పిల్లవాడు మొదట వినడం నేర్చుకొంటాడు. తన దెబ్బను తానే విని, అది బాగా పలికిందో లేదో తెలుసుకొంటాడు. పదిమందితో కలిసి వాయించేటప్పుడు తన వేగాన్ని అదుపులో పెట్టుకొంటాడు. తప్పు వచ్చినప్పుడు ఆగిపోకుండా, తరువాతి లెక్క దగ్గర మళ్ళీ కలుసుకోవడం అలవాటు చేసుకొంటాడు. కుడిచేయి ఒక పని, ఎడమచేయి మరొక పని చేస్తుండగా, నోటితో జతి చెబుతూ, మనస్సుతో లెక్క పెట్టుకొంటాడు. ఇంతటి ఏకాగ్రత ఒకసారి అలవడితే ఏ చదువుకైనా, ఏ వృత్తికైనా అది పనికివస్తుంది. మార్కుల కోసం నేర్చిన పాఠం పరీక్ష కాగానే మరచిపోవచ్చు. చేతికి వచ్చిన లయ జన్మంతా మరువరాదు.

మరొక విషయం కూడా ఆలోచించదగినది. సంగీతం బ్రతకాలంటే వాయించేవారు మాత్రమే ఉంటే చాలదు, వినడం తెలిసినవారు కూడా కావాలి. చిన్నతనంలో రెండు మూడేళ్ళు మృదంగం నేర్చుకొన్న పిల్లవాడు పెద్దవాడై కచేరీకి వెళితే, వ్రేళ్ళతో తాళం వేస్తూ, తని ఆవర్తనంలోని లెక్కను గుర్తించి ఆనందించగలడు. మంచి శ్రోతను తయారుచేయడం కూడా మంచి గురువు చేసే పనే.

తంజావూరు గురుకులానికీ, ఋషివ్యాలీ బడికీ ఎంతో తేడా ఉంది. గురుకులంలో గురువు మాటకు ఎదురులేదు. భయభక్తులతో విద్య సాగేది. ఋషివ్యాలీలో భయం లేని చోటనే చదువు వస్తుందని నమ్మేవారు. ఒక పిల్లవానిని మరొకనితో పోల్చడాన్ని కృష్ణమూర్తి ఒప్పుకొనేవారు కారు. పాత పద్ధతిలో నేర్చుకొన్న మణి అయ్యర్ కొత్త పద్ధతిలో నడిచే బడికి వచ్చి నేర్పారు. పద్ధతులు రెండు రకాలైనా, రెంటిలోనూ మారనిది ఒకటి ఉంది. అది సాధన. ప్రతిదినం కొంతసేపు కూర్చొని, అదే పాఠాన్ని శ్రద్ధతో మళ్ళీ మళ్ళీ వాయించనిదే ఏ పద్ధతిలోనూ మృదంగం పలకదు.

శిష్యులు

మణి అయ్యర్ శిష్యులలో పాల్ఘాట్ రఘు, ఉమయాళ్పురం శివరామన్ దేశవ్యాప్తంగా పేరు పొందారు. ఆయన కుమారుడు రాజామణి కూడా తండ్రి బాటలో మృదంగం వాయించారు. తెలుగునాట రాజమండ్రికి చెందిన కమలాకరరావు ఆయన శిష్యులై, ఆ బాణీని ఆంధ్రదేశానికి తెచ్చారు. మలయాళ దేశంలో పుట్టిన విద్య తమిళదేశంలో పెరిగి, తెలుగు నేలకు చేరింది. కళకు భాషల సరిహద్దులు అడ్డు కావు.

మణి అయ్యర్ మితభాషి. తన గురించి తాను చెప్పుకోవడం ఆయన స్వభావంలో లేదు. ఆయన మాటల కంటె ఆయన వ్రేళ్ళే ఎక్కువ చెప్పాయి. 1981వ సంవత్సరం మే 30వ తేదీన కొచ్చిలో ఆయన కన్నుమూశారు. ఆయన వాయించిన కచేరీల ధ్వనిముద్రణలు నేటికీ నిలిచి ఉన్నాయి. మృదంగం నేర్చుకొనే విద్యార్థులు వాటిని పాఠాలవలె వింటారు.

గుడి ముందు మ్రోగే చెండను విని పెరిగిన ఒక పిల్లవాడు ప్రపంచం మెచ్చిన విద్వాంసుడయ్యాడు. ఆ విద్వాంసుడే వృద్ధాప్యంలో మళ్ళీ పిల్లల మధ్యకు వచ్చి కూర్చున్నాడు. తాను పొందిన విద్యను తరువాతి తరానికి అందించినప్పుడే విద్వాంసుని ఋణం తీరుతుంది. హరూర్ వీధిలో తప్పెట వాయించే చేయి అయినా, మద్రాసు సభలో మృదంగం వాయించే చేయి అయినా లయ ఒక్కటే. ఆ లయను శ్రద్ధగా విని, నేర్చి, పదిమందికి పంచడమే మణి అయ్యర్ జీవితం మనకు చెప్పే పాఠం.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. మణి అయ్యర్ ఎప్పుడు, ఎక్కడ జన్మించారు?
2. ఆయన గురువులు ఎవరు?
3. మృదంగంలోని కుడి మూత మధ్య నల్లని మచ్చను దేనితో పెడతారు?
4. 1966లో మణి అయ్యర్ పొందిన గౌరవం యొక్క ప్రత్యేకత ఏమిటి?

ఆ) క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. ప్రక్కవాద్యపు ధర్మాన్ని మణి అయ్యర్ ఎట్లు పాటించారు?
2. విద్వాంసులు కాబోని పిల్లలకు మృదంగం నేర్పడం వలన కలిగే మేలు ఏమిటి?
3. పర్లాందు వంటి పనివారలను మనం ఎందుకు గౌరవించాలి?

ఇ) ఆలోచించి చెప్పండి.
1. ఆది తాళంలో 32 మాత్రల ఆవర్తనం ఉంది. 7 అక్షరాల జతిని మూడుసార్లు వాయించి తరువాతి ఆవర్తనపు మొదటి దెబ్బకు చేరాలంటే ఎన్నవ మాత్రపై ఎత్తుకోవాలి?
2. మైకు వాడకం గురించి మణి అయ్యర్ నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు చెప్పండి.

ఈ) మీ ఊరిలో మ్రోగే వాద్యాల పేర్లు సేకరించండి. వాటిని తయారుచేసేవారిని, వాయించేవారిని కలుసుకొని, వారు ఆ విద్యను ఎవరి వద్ద నేర్చుకొన్నారో తెలుసుకొని వ్రాయండి.